ఈగల పాట

"ఆ గొంతు మీదేనని కోర్టులో ఒక్క మాట చెబితే చాలండీ," అంది సినిమా కంపెనీ వకీలు, మా కుర్చీ అంచున కూర్చుని. "ఆ పాట ఇంకెక్కడా వినబడకుండా మేం చూసుకుంటాం."

ఎంత చల్లగా చెప్పిందో! నా పాటని నేనే పట్టివ్వాలట, అదీ ప్రమాణం చేసి మరీ.

ఈ గోల అర్థం కావాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. నేను సినిమా పాటలకి ట్రాకు పాడేదాన్ని. ట్యూను కట్టిన వెంటనే పేరున్న గాయని దొరకదు. ఆవిడ ఏ ఊళ్లోనో ఉంటుంది, లేదా ఏ జలుబుతోనో పడుకుని ఉంటుంది. అందాకా పని ఆగకూడదు కదా, నాలాంటిదాన్ని పిలిచి పాడిస్తారు. ఆ పాట చుట్టూ వాయిద్యాలు పేరుస్తారు. దానికే హీరోయిన్ పెదాలు కదుపుతుంది. తీరా ఆ పెద్ద గాయని వచ్చి, నా పాట చెవుల్లో పెట్టుకుని, నేను మలుపు తిప్పిన చోటల్లా తనూ తిప్పి, కారెక్కి వెళ్లిపోతుంది. ఆ తర్వాత నా గొంతు తీసేస్తారు. ఇల్లు కట్టడం అయ్యాక పరంజా విప్పేయరూ, అలాగన్నమాట. స్టూడియోలో అందరూ నన్ను ట్రాకమ్మ అనేవాళ్లు. అసలు పేరు అక్కడ ఎవడికీ తెలియదు.

దానికి నేనెప్పుడూ ఏడవలేదు. ఒప్పుకునే చేశాను ఆ పని. చాలా ఏళ్లు చేశాను, బాగా చేశాను.

ఈ పాట దగ్గరే వచ్చింది తంటా అంతా. పల్లవి, మొదటి చరణం రాసిచ్చిన కవిగారు రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి ఫోను ఎత్తడం మానేశారు. "ఏదో ఒకటి పాడెయ్ ట్రాకమ్మా, తానన్నా తందన్నా అన్నా పర్లేదు. మాటలు తర్వాత పడతాయి," అన్నాడు రికార్డిస్టు. మాటల్లేకుండా తానన్నాలు పాడితే పాటకి ఊపిరాడదు. ఆ పొద్దున మా అత్తగారితో పడిన రగడ ఇంకా నా నాలుక మీదే ఉంది. ఆవిడకి తలుపు బార్లా తెరిచి, పొయ్యి మీద పాలు పెట్టి, చెప్పాపెట్టకుండా కిందింటికి కబుర్లకి దిగిపోవడం అలవాటు. నేను రోజూ అరిచే అరుపులే ట్యూనులో కూర్చి పాడేశాను.

తలుపు తీసి పోకు, ఈగలొస్తాయి
పాలు వదిలి పోకు, పొంగిపోతాయి
చెప్పకుండ పోకు, చెప్పకుండ పోకు
చెప్పి పోతే కదా, ఎదురుచూసేది

రికార్డిస్టు అద్దం అవతల కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలాగూ పోయే మాటలే అనుకున్నాం ఇద్దరం.

ఆ తర్వాత కొన్నాళ్లకి నా మెడలో గడ్డ బయటపడింది. ఆపరేషను చేశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. మాట మాత్రం మిగిలింది, అదీ గచ్చు మీద చీపురు ఈడ్చినట్టుంటుంది. "ప్రాణం దక్కింది, సంతోషించండి," అన్నాడు డాక్టరు. సరే, సంతోషించాను. ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతున్నాను. అక్కడ పెద్దగా మాట్లాడాల్సిన పనుండదు.

ఈలోగా ఆ సినిమా ఆగి, మళ్లీ లేచి, ఎట్టకేలకు విడుదలకి దగ్గరపడింది. పెద్ద గాయని వచ్చి పాడేసింది, కవిగారు రెండో చరణం రాసేశారు. ఇక స్టూడియోవాళ్లకి ఒక జబ్బుంది. ప్రతి ఫైలుకీ 'ఫైనల్' అని పేరు పెడతారు. ఏదైనా మారిస్తే 'ఫైనల్ కొత్తది', మళ్లీ మారిస్తే 'ఇదే ఫైనల్', ఆ పైన మారిస్తే 'అమ్మతోడు ఫైనల్'. ట్రైలరు చేసేవాళ్లకి పాట పంపమంటే రికార్డిస్టు హడావుడిలో వట్టి 'ఫైనల్' పంపించేశాడు. అందులో ఉన్నది నేనూ నా ఈగలూ. అక్కడినుంచి అది చేతులు మారి మారి ఒక సెల్ షాపు వాడి దగ్గర తేలింది. వాడికి పాటలు దొంగతనంగా పెట్టే సైటొకటి ఉంది. సినిమా రాకముందే అందులో పడేశాడు. పైన పెద్ద గాయని ఫొటో, కింద ఆవిడ పేరు. దొంగతనంలో కూడా నా పేరుకి చోటు లేకపోయింది!

అసలు పాట వచ్చేసరికి ఈ పాట ఊరంతా పాకిపోయింది. కవిగారి చరణంలో నెలవంకలూ నెమలీకలూ ఉన్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ ఈగలే కావాలి. 'ఈగల పాట' అనే పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు. ఒక పెద్దమనిషి ఇంటర్నెట్‌లో కూర్చుని ఈగలంటే ఆశలనీ, పాలంటే యవ్వనమనీ, తలుపంటే గుండె అనీ వివరించాడు. తలుపంటే తలుపేరా బాబూ, రేకు తలుపు, గడియ సరిగ్గా పడదు!

నవ్వొచ్చింది నిజమే. కానీ ఒకరోజు బస్సులో టిక్కెట్టు అడుగుతున్నాను. "ఏంటమ్మా, గట్టిగా చెప్పు," అని కండక్టరు విసుక్కుంటున్నాడు. వెనక సీట్లో ఎవరి ఫోనులోనో నేను పాడుతున్నాను. గొంతు ఏ చీకూచింతా లేకుండా పైకి వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, మెల్లగా దిగుతోంది. ఒక ముసలాయన కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. నేను దిగాల్సిన చోట దిగలేదు. ఇన్నేళ్లూ పాడినవన్నీ తీసేశారు, నాకంటూ మిగిలిన పాట ఇదొక్కటే, అదీ దొంగ పాట. అయినా నా గొంతు జనంలో తిరుగుతోంది. అది చాలనిపించింది. ఆ రోజు నిజంగా సంతోషించాను, డాక్టరు చెప్పకుండానే.

ఆ సంతోషం మీద నీళ్లు చల్లడానికి వచ్చింది ఈ వకీలు.

"తీసేయడం దేనికమ్మా? నా పేరు పెట్టి మీరే విడుదల చేయండి. దొంగ పాట దొర పాట అయిపోతుంది," అన్నాను.

"కుదరదండీ. ఈ పాటకి ఇంకో ఆడగొంతు ఉండకూడదని పాడిన మేడంగారి ఒప్పందంలో ఉంది." సంచీలోంచి కాగితం తీసి చదివింది. "మీ ఒప్పందంలో కూడా ఉంది చూడండి. 'పని ముగిసిన పిదప చెరిపివేయవలసిన తాత్కాలిక గొంతు.'"

తాత్కాలిక గొంతు! నాకు ఒళ్లు మండిపోయింది.

"అన్నీ అంత పకడ్బందీగా రాసుకున్నవాళ్లు చెరిపేయాల్సినప్పుడు ఎందుకు చెరపలేదు? మీ తప్పుకి నన్నెందుకు బోనెక్కిస్తారు?"

"షాపతను ఆ పాట మాది కాదంటున్నాడండీ. మా పాటలో ఈగల్లేవు, దాన్లో ఉన్నాయి, కాబట్టి రెండూ వేరంటున్నాడు. కవిగారు కూడా కోర్టుకొచ్చి, నా కలంలోంచి ఈగ రాదని చెప్పి వెళ్లారు. ఆయన మా వైపు సాక్షి అండీ!" పాపం, ఆ పిల్ల తల పట్టుకుంది. "మా స్టూడియోలో, మా ట్యూనుకి పాడింది మీరేనని మీరే చెప్పాలి."

"చెప్పకపోతే?"

"కేసు నిలబడదు. పాట అలాగే ఉండిపోతుంది."

ఆ మాట మాత్రం నా చెవికి ఇంపుగా వినబడింది.

ఆవిడ మెట్లు దిగిందో లేదో, సెల్ షాపు వాడు మెట్లెక్కాడు. ఇద్దరూ మాట్లాడుకుని వచ్చారేమో అనిపించింది.

"అక్కా, మీరు కాదనండి చాలు," అన్నాడు గుమ్మంలోనే. "నాది కాదు, నాకు తెలీదు అనెయ్యండి. నా పాట బతుకుతుంది."

"ఎవడి పాటరా?"

"అదే అక్కా, మన పాట."

"మన పాటయితే నా పేరు పెట్టలేదేం? ఆవిడ ఫొటో ఎందుకు పెట్టావు?"

"ఆవిడ పేరుంటేనే కదక్కా జనం నొక్కేది. మీ పేరు పెడితే ఎవరు..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆ కంపెనీ నన్ను తాత్కాలికం అంటే, వీడు అసలు లెక్కలోకే తీసుకోలేదు. దొందూ దొందే. వాడి మొహం మీదే తలుపు వేశాను, గడియ పడకపోయినా.

లోపల మా అత్తగారు అంతా విన్నది. ఆవిడ ఫోనులో ఆ పాట ఉంది. రోజూ వింటుంది. తనని తిట్టిన తిట్లని అంత మురిపెంగా వినే అత్తగారిని నేనెక్కడా చూడలేదు.

"కాదని చెప్పెయ్యవే," అంది. "పాట ఉంటుంది."

"అబద్ధమాడమంటారా అత్తయ్యా, ప్రమాణం చేసి?"

"లారీ మీద తిరిగే మీ అబ్బాయి సుఖంగా ఉన్నాడు అత్తయ్యా అని రోజూ నాతో అబద్ధం ఆడట్లేదూ? ఇంకోటి ఆడు." మళ్లీ తనే అంది. "నువ్వు అరవడం మానేశాక ఇల్లు ఇల్లులా లేదే. అది పెట్టుకుంటే కాస్త నువ్వున్నట్టుంటుంది."

"మీ ఫోన్లో ఉన్నది ఎవరు చూడొచ్చారు? దాచుకుంటే సరి."

"నేను విన్నట్టు ఊరు వినాలి కదే."

అదే నా బాధ కూడా. గొంతేమైనా నగా, పెట్టెలో పెట్టి తాళం వేసుకోవడానికి? వినేవాళ్లుంటేనే అది గొంతు. కాదని చెప్పడానికే నిర్ణయించుకున్నాను. కంపెనీ ఓడిపోతే పోనీ. దొంగ గెలిస్తే గెలవనీ. నా పాట మాత్రం బస్సుల్లో తిరుగుతూ ఉండాలి.

ఇక కోర్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకసారి జడ్జిగారు రాలేదు. ఒకసారి షాపు వాడి వకీలుకి పంటి నొప్పి. ఇంకోసారి అందరూ వచ్చారు, పాట వినిపించే స్పీకరు రాలేదు! వచ్చిన ప్రతిసారీ దుకాణంలో సెలవు అడుక్కోవడం, వాళ్ల మూతివిరుపులు పడటం, ఇక్కడికొచ్చి బెంచీ మీద ఎండటం. మా అత్తగారు మాత్రం ప్రతి వాయిదాకీ తయారు. ఏదో పెళ్లికి వచ్చినట్టు పక్కవాళ్లందరి కేసులూ కనుక్కునేది.

చివరికి ఒకరోజు అన్నీ సమకూడాయి. నన్ను బోనులోకి పిలిచారు. రికార్డిస్టు స్టూడియో నుంచి అసలు ఫైలు తెచ్చి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తలొంచుకుని కూర్చున్నాడు. కంపెనీ వకీలు సైగ చేయగానే షాపు వాడు ఇంటర్నెట్‌లో పెట్టిన పాట వేశారు. తలుపు తీసి పోకు, ఈగలొస్తాయి. బల్ల దగ్గర గుమాస్తా కాలితో తాళం వేయడం కనిపించింది నాకు. పాలు పొంగే దగ్గర ఆపేశారు.

"ఈ గొంతు ఎవరిది?" అని అడిగింది కంపెనీ వకీలు.

'తెలీదు' అనే మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. ఈలోగా షాపు వాడి వకీలు లేచాడు. పెద్దాయన, కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది.

"అయ్యా, ఈ సాక్షి మాట్లాడితే ఎలా ఉంటుందో ముందు తమరు వినాలి. అమ్మా, మీరేం పని చేస్తారు?"

"బట్టల దుకాణంలో బిల్లులు కొడతాను," అన్నాను.

నా చీపురు గొంతు స్పీకరు పాట వెంటనే వినబడేసరికి గదంతా ఒక్కసారి నావైపు తిరిగింది.

"విన్నారు కదయ్యా!" పెద్దాయన చేతులు చాచాడు. "ఆ కోకిల గొంతెక్కడ, ఈ బొంగురు గొంతెక్కడ! ఆ పాట ఈవిడ పాడిందని కంపెనీ వారు నమ్మమంటున్నారు. వినేవాళ్లకి చెవులుండవా? ఎవర్నో దుకాణంలోంచి పట్టుకొచ్చి..."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. షాపు వాడు నాకేసి చూసి చిన్నగా తలూపాడు. నేను ఆడాల్సిన అబద్ధం వాళ్లే ఆడిపెడుతున్నారు. నేను ఊరుకుంటే చాలు. నోరు మూసుకుని నిలబడితే చాలు, పాట బతుకుతుంది. ఇంతకంటే సుళువైన పని నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు.

"నాదే," అన్నాను.

"ఏమిటమ్మా?" అన్నారు జడ్జిగారు.

"ఆ గొంతు నాదేనండీ. పాడింది నేనే. ఆ ఈగలు మా ఇంటివే."

వెనకనుంచి మా అత్తగారు "అయ్యో!" అనడం వినబడింది. షాపు వాడి మొహం మాడిపోయింది. పెద్దాయన మాత్రం ఏమాత్రం తొణకలేదు.

"అయితే ఒక్క ముక్క పాడి వినిపించండి. గొడవ వదిలిపోతుంది."

ఊపిరి తీసుకున్నాను. ఎక్కడినుంచి ఎత్తుకోవాలో తెలుసు, ఎక్కడ నిలబెట్టాలో తెలుసు. నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాను. గాలే. ఈసారి ఎవరూ నవ్వలేదు, అది ఇంకా నరకం. ఈ మనుషుల ముందు, ఈ పంకా కింద, నా పాట నాదని చూపించుకోలేక నిలబడాల్సి వచ్చిందే అని నాకు కోపమొచ్చింది.

"స్టూడియో ఫైలు వేయించండి," అన్నాను జడ్జిగారితో. "మధ్యలో ఆపకుండా మొత్తం వేయమనండి. పాట అయిపోయాక అందులోనే నేను మాట్లాడతాను. ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు ఆ ముక్క కోసేశారు. అక్కడ ఏముందో పాడినదానికే తెలుస్తుంది."

"ఏం మాట్లాడతారు?"

"ఇంకోసారి పాడనా అని అడుగుతాను. నేనెప్పుడూ అడుగుతాను."

వేశారు. మొదటినుంచి చివరిదాకా వేశారు. ఇన్ని వాయిదాల్లో ఆ పాటని ఎవరూ పూర్తిగా విననేలేదు, ముక్కలు ముక్కలుగా కోసి వాదించుకోవడమే. చెప్పి పోతే కదా, ఎదురుచూసేది అనే దగ్గర జడ్జిగారు కలం పక్కన పెట్టారు. నేను కటకటం పట్టుకుని విన్నాను. బాగా పాడాను. ఎవరో చెప్పాలా, నాకు తెలీదా? చాలా బాగా పాడాను.

పాట ఆగింది. తర్వాత స్పీకర్లోంచి నేనే, హుషారుగా: "సార్, సరిపోయిందా? ఇంకోసారి పాడనా?"

రికార్డిస్టు గొంతు: "చాల్లే ట్రాకమ్మా. ఎలాగూ తీసేసేదేగా."

అప్పుడు నేను నవ్విన నవ్వు గదంతా వినబడింది. రికార్డిస్టు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పెద్దాయన తన కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

జడ్జిగారు టైపు చేసే అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు. "ఆ గొంతు తనదేనని సాక్షి ఒప్పుకున్నందున..."

"ఒప్పుకోవడమేమిటండీ?" అన్నాను. కంపెనీ వకీలు కంగారుగా చెయ్యి ఊపింది. నేను ఆగలేదు. "ఒప్పుకోవడానికి నేనేమైనా దొంగతనం చేశానా? దొంగ అక్కడున్నాడు. పారేసుకున్నవాళ్లు ఇక్కడున్నారు. నేను పాడాను. పాడింది నేనేనని చెప్పాను. అలాగే రాయించండి."

కసురుతారనుకున్నాను. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, "చెప్పినందున అని మార్చండమ్మా," అన్నారు. నా పూర్తి పేరు అడిగి, అక్షరం అక్షరం పలికించి రాయించారు. ఆ పాట పక్కన నా పేరు రావడం అదే మొదటిసారి. తర్వాతి వాక్యంలో ఆ పాట ఎక్కడున్నా, ఎవరి దగ్గరున్నా, స్టూడియోలో ఉన్నదానితో సహా, తీసివేయాలని రాయించారు.

బయటికొచ్చాక కంపెనీ వకీలు నా రెండు చేతులూ పట్టుకుని, మీ వల్లే గెలిచామండీ అంది. మంచి పిల్లే. ఆవిడ వెళ్లేదాకా ఆగి మా అత్తగారు నా దగ్గరికొచ్చింది.

"ఊరుకుంటే పోయేదిగా! ఆ ముసలాయన నీ తరఫున అంత చక్కగా అబద్ధమాడుతుంటే మధ్యలో నువ్వెందుకు దూరావే? ఇప్పుడు ఏం మిగిలింది?"

"ఏమీ లేదు అత్తయ్యా."

"మరెందుకు చెప్పావు నాదని?"

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆపుకోవాలనిపించలేదు, అక్కడే మెట్ల మీద నిలబడి ఏడ్చాను.

"కాదనడానికి నోరు రాలేదు," అన్నాను.